ఆ పది శాతం ఏ చట్టంలో ఉంది?

నమస్తే. "ఏడాదికి ఇంటి అద్దె పది శాతం పెంచుకోవచ్చని రూలుంది కదన్నా" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఏ రూలు? ఎక్కడుంది? ఓనర్లు చెప్పి చెప్పి, బ్రోకర్లు తలూపి తలూపి మనల్ని నమ్మించారంతే.

ఇక రెండో రకం వాళ్ళుంటారు. "రెంట్ కంట్రోల్ చట్టం ఉంది, ఓనర్ పైసా పెంచలేడు" అంటారు. చట్టం ఉంది, 1960 నాటిది. కానీ ఆ చట్టం వేటికి వర్తించదో చెప్పే 32వ సెక్షన్ చూశారా?

ఒక ఫ్లాట్ అనుకుందాం. హైదరాబాద్ ఎస్సార్ నగర్, డబుల్ బెడ్‌రూమ్, అద్దె 17,500. ఐదుగురు కుర్రాళ్ళు, తలా 3,500.

[స్క్రీన్ మీద: 17,500 ÷ 5]

2005 సవరణ ప్రకారం కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటితే ఆ చట్టం వర్తించదు. కట్టి పదిహేనేళ్ళు నిండని బిల్డింగ్‌కీ వర్తించదు. మన ఐదుగురిలో ఒక తెలివైనోడు "నాది 3,500 దాటలేదుగా" అంటాడు. కాదు బాబూ! ఓనర్ అద్దెకిచ్చింది మొత్తం ఫ్లాట్. చూడాల్సింది 17,500. హాల్లో పడుకునేవాడికి 2,500, అటాచ్డ్ బాత్రూమ్ ఉన్నోడికి 4,500 అని మీరు రాసుకున్న లెక్క మీ ఫ్రిజ్ తలుపు దాకే.

అసలు హైదరాబాద్‌లో 3,500కి ఫ్లాట్ ఎవరైనా చూపించండి, నేనే దిగుతా. ఆ అంకె మార్చకుండా అద్దెదారులకు చట్టం ఉందని చెప్పుకోవడం ఎందుకో.

మరి ఈ ఐదుగురికి దిక్కెవరు? అగ్రిమెంట్, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. మామూలుగా అందరూ పదకొండు నెలలకి రాస్తారు. ఆ పదకొండు నెలల్లో 17,500 అని రాస్తే 17,500. ఐదో నెలలో వచ్చి 19,000 ఇమ్మంటే ఇవ్వక్కర్లేదు. కాకపోతే చివరి పేజీ తిప్పండి. "గడువు తర్వాత 10 శాతం పెంపు" అని ఉంటుంది, కింద మీ సంతకం. పది శాతం ఎక్కడిదో దొరికిందా? బేరం ఆడాల్సింది ఆ సంతకానికి ముందు.

గడువయ్యాక ఓనర్ ఎంతైనా అడగొచ్చు. కొత్త అగ్రిమెంట్ లేకుండా అద్దె తీసుకుంటూ పోతే మాత్రం మామూలుగా అది నెలవారీ అద్దె కింద లెక్క. ఖాళీ చేయించాలంటే 15 రోజుల నోటీసు ఇవ్వాలి, అయినా కదలకపోతే కోర్టుకెళ్ళాలి. తాళం మార్చేస్తానంటే కుదరదు. అలా గెంటేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఇల్లు తిరిగి ఇప్పించమని దావా వేయొచ్చు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. అగ్రిమెంట్‌లో ఐదుగురి పేర్లూ రాయించండి. ఒక్కడి పేరే ఉంటే, వాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చిన రోజున మిగతా నలుగురికీ చేతిలో కాగితం ఉండదు. అద్దె యూపీఐలో పంపి, ఏ నెలదో రాయండి. అడ్వాన్స్ రెండు నెలలకి మించకూడదన్నది కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా చట్టం. రాష్ట్రం చట్టం చేస్తేనే అది పనికొస్తుంది. హాస్టల్లో బెడ్ తీసుకున్నవాళ్ళు సాధారణంగా అద్దెదారుల కింద రారు, అది లైసెన్సు, అంటే ఉండటానికి అనుమతి మాత్రమే. దాని కథ వేరు, వచ్చే వీడియోలో.