వెంబ్లీకి ఒక్క మెట్టు కింద

శ్రోతలకు నమస్కారం.

కిట్‌క్యాట్ రుచి తెలియని పిల్లలు మన ఊళ్లలో ఇప్పుడు దాదాపు లేరు. ఆ చాక్లెట్ పుట్టిల్లు ఇంగ్లండ్ ఉత్తరాన ఉన్న యార్క్. రౌన్‌ట్రీ అనే కంపెనీ 1935లో దాన్ని వేరే పేరుతో మొదలుపెట్టింది. ఊళ్లో రౌన్‌ట్రీ ఒకటే కాదు, టెర్రీస్ అని మరో చాక్లెట్ కంపెనీ, రైలు పెట్టెలు కట్టే కార్ఖానా కూడా ఉండేవి. వీటన్నిటికీ పైన మిన్‌స్టర్ అనే పాత చర్చి గోపురాలు. ఊరి ఫుట్‌బాల్ జట్టు పేరు యార్క్ సిటీ. 1930లలో ఓ మూడు నాలుగేళ్లు ఈ జట్టు చాక్లెట్, మీగడ రంగుల చారల చొక్కాలు తొడుక్కుని ఆడింది. ఊరికీ చాక్లెట్‌కీ ఉన్న చుట్టరికం అలాంటిది.

ఆ జట్టు 1954-55లో ఆడిన ఒక్క సీజన్ గురించి ఈ రోజు చెప్పుకుందాం.

మనలో చాలామందిమి క్రికెట్ మనుషులం కాబట్టి, ముందు ఆ దేశపు ఫుట్‌బాల్ మెట్లు ఎలా ఉండేవో చూద్దాం. అప్పట్లో ఇంగ్లండ్ లీగ్‌లో 92 క్లబ్బులు. పైన ఫస్ట్ డివిజన్, దాని కింద సెకండ్ డివిజన్. ఆ కింద థర్డ్ డివిజన్, అది రెండు ముక్కలు: ఉత్తరం, దక్షిణం. దూరప్రయాణాల ఖర్చు చిన్న క్లబ్బులు మోయలేవని దేశాన్ని అలా అడ్డంగా కోశారు. యార్క్ సిటీ ఉండేది ఉత్తరం ముక్కలో, 24 జట్ల మధ్య. ఏడాదికి 46 మ్యాచ్‌లు ఆడితే, పై మెట్టు ఎక్కేది మొదటి స్థానంలో నిలిచిన ఒక్క జట్టే. రెండో స్థానానికీ ఇరవయ్యో స్థానానికీ తేడా గౌరవంలోనే, ఫలితంలో లేదు. ఇక చివరి రెండు జట్ల అవస్థ చెప్పక్కర్లేదు. మమ్మల్ని లీగ్‌లో ఉండనివ్వండి బాబూ అని తోటి క్లబ్బులను ఓట్లు అడుక్కోవాలి.

ఎఫ్.ఎ. కప్ మాత్రం దీనికి పూర్తిగా వేరే సంగతి. అందులో పెద్దా చిన్నా లేదు. చీటీల్లో ఎవరికి ఎవరు తగిలితే వాళ్లతో ఆడాలి, ఓడితే ఇంటికి పోవాలి. ఈ చీటీలు తీయడం రేడియోలోనే వినిపించేవారు. నిజానికి అవి చీటీలు కావు, అంకెలు వేసిన చిన్న బంతులు. వాటిని సంచిలో కలిపి ఒక్కొక్కటే బయటికి తీసేవారు. బొమ్మ లేదు, ఆట లేదు. సంచిలో బంతులు కదిలిన చప్పుడు, ఒక అంకె, ఒక ఊరి పేరు, అంతే. దానికోసం దేశమంతా రేడియోల దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చునేది. రేడియోలో మాట్లాడేవాణ్ని కనుక ఈ ముక్క నాకు కాస్త ఎక్కువ ఇష్టం.

1954 జూలైలో బ్రిటన్‌లో యుద్ధకాలపు రేషన్ పూర్తిగా ఎత్తేశారు. మరుసటి నెలలోనే సీజన్ మొదలైంది. అంతకు ముందు ఏడాది యార్క్ సిటీ పట్టికలో అట్టడుగుకు చాలా దగ్గర్లో ఊగిసలాడింది. ఆ వేసవిలో క్లబ్బు ముగ్గురిని తెచ్చుకుంది. గోల్‌కీపర్ టామీ ఫోర్గన్, ఫార్వర్డ్ నార్మన్ విల్కిన్సన్, ఈ ఇద్దరూ హల్ సిటీ నుంచి. మూడోవాడు షెఫీల్డ్ కుర్రాడు ఆర్థర్ బాటమ్. బాటమ్ అంటే ఇంగ్లిష్‌లో అడుగు. ఇంటిపేరు అదే గానీ, ఆట మాత్రం ఎప్పుడూ ఎదుటివాడి గోల్ ముందరే. మొదటి రోజు రెక్సమ్ ఊరికి వెళ్లి 6-2తో గెలిచి వచ్చారు. విల్కిన్సన్‌కి ఆ జట్టు తరఫున అదే మొదటి ఆట, అందులోనే మూడు గోల్స్ కొట్టేశాడు.

సెప్టెంబర్‌లో మేనేజర్ జిమ్మీ మెక్‌కార్మిక్ వెళ్లిపోయాడు. మామూలుగా అయితే వారం తిరక్కుండా కొత్త మనిషి రావాలి. వీళ్లు ఎవరినీ తేలేదు. సెక్రటరీ బిల్లీ షెరింగ్టన్, ట్రెయినర్ టామ్ లాకీ బండి లాక్కొచ్చారు. మేనేజర్ లేకపోవడం వల్లే ఆ ఏడాది జట్టు అంత బాగా ఆడిందని సరదాగా అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ మాట మీద నమ్మకం లేదు. వేసవిలో వచ్చిన ఆ ముగ్గురే అసలు కారణం అనిపిస్తుంది.

పదకొండు పేర్లూ ఒక్కసారి చదువుతాను, వినండి. ఫోర్గన్. ఫిలిప్స్, హౌ. బ్రౌన్, స్టూవర్ట్, స్పెన్స్. హ్యూస్, బాటమ్, విల్కిన్సన్, స్టోరీ, ఫెంటన్. ఆ రోజుల్లో దెబ్బ తగిలితే బదులు ఆటగాణ్ని దింపే వీల్లేదు. ఇంగ్లండ్ లీగ్‌లో సబ్‌స్టిట్యూట్లు వచ్చింది 1965లో. కుంటుతూ అయినా ఆడాలి, లేదంటే పది మందితో గడుపుకోవాలి. జీతాలకూ పైన కట్టుదిట్టమైన హద్దు ఉండేది. ఎంత పెద్ద ఆటగాడైనా సీజన్‌లో వారానికి 15 పౌండ్లు దాటకూడదు. దేశమంతా పేరున్న స్టాన్లీ మాథ్యూస్ అయినా సరే.

మాథ్యూస్ పేరు ఊరికే తీయలేదు. కప్‌లో యార్క్ సిటీ మొదట స్కార్‌బరోను 3-2తో, తర్వాత డార్చెస్టర్‌ను 5-2తో దాటింది. ఇవి రెండూ లీగ్ బయటి చిన్న జట్లు. జనవరిలో మూడో రౌండ్. పెద్ద జట్లు కప్‌లో దిగేది అక్కడే. సంచిలోంచి వచ్చిన పేరు బ్లాక్‌పూల్, అదీ వాళ్ల మైదానంలో. రెండేళ్ల కిందటే, 1953లో, లండన్‌లో కప్ ఫైనల్ జరిగే వెంబ్లీ మైదానంలో కప్ ఎత్తిన జట్టు అది. ఆ ఫైనల్‌లో 3-1తో వెనకబడి 4-3తో గెలిచారు. గోల్స్ మూడు వాళ్ల ఫార్వర్డ్ మార్టెన్‌సెన్ కొట్టినా, ఆ మ్యాచ్‌ని జనం ఈనాటికీ అదే జట్టులో ఆడిన మాథ్యూస్ పేరుతోనే తలుచుకుంటారు. కుడి అంచున బంతి అతని కాలికి అందితే డిఫెండర్‌కి ముచ్చెమటలే. ఎడమకు వెళ్తున్నట్టు ఒళ్లు వంచుతాడు, ఎదుటివాడు అటు ఒరుగుతాడు, ఆ ఒరిగిన క్షణంలో మాథ్యూస్ కుడి పక్క నుంచి జారిపోతాడు. ఏం చేస్తాడో అందరికీ తెలుసు. తెలిసీ ఆపలేరు.

1955 జనవరి 8న అతన్ని కాచుకునే పని యార్క్ లెఫ్ట్ బ్యాక్ జార్జ్ హౌ మీద పడింది. అప్పటికి మాథ్యూస్‌కి నలభై నిండడానికి ఇంకో మూడు వారాలుంది. ఆ వయసులోనూ అతను ఇంగ్లండ్ జట్టు ఆటగాడే. అతని ఎత్తులు ఆ రోజు పారలేదు. సిడ్ స్టోరీ ఒక గోల్, బిల్లీ ఫెంటన్ ఒక గోల్. బ్లాక్‌పూల్ సున్నా. పెద్ద జట్టు ఏమరుపాటున ఓడిందని సర్దిచెప్పుకోడానికి కూడా లేని స్కోరు, 2-0.

నాలుగో రౌండ్ బిషప్ ఆక్లాండ్‌లో, అమెచ్యూర్, అంటే జీతం లేని ఆటలో పేరుమోసిన జట్టుతో. 3-1. దాని దగ్గర ఆగను.

ఫిబ్రవరిలో టాటెన్‌హామ్ హాట్‌స్పర్ యార్క్‌కి వచ్చింది. 1951లో దేశానికే చాంపియన్ అయిన లండన్ జట్టు. యార్క్ జనాభా అప్పుడు సుమారు లక్ష. ఆ రోజు బూథమ్ క్రెసెంట్ మైదానంలో ఉన్నది 21,000 మంది. అంటే లెక్కకు ఊళ్లో ప్రతి అయిదుగురిలో ఒకరు. ముందు టాటెన్‌హామే గోల్ కొట్టింది. అక్కడితో కథ అయిపోయిందనుకున్నవాళ్లూ ఉండే ఉంటారు. ఆట ముగిసేసరికి యార్క్ 3, టాటెన్‌హామ్ 1. ఆ మూడింటిలో రెండు విల్కిన్సన్‌వి.

తర్వాత క్వార్టర్ ఫైనల్, నాటింగ్‌హామ్‌లో, సెకండ్ డివిజన్ జట్టు నాట్స్ కౌంటీ మీద. 47 వేల పైచిలుకు జనం. అంతమంది ఆ మైదానానికి అంతకు ముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. చాలాసేపు గోల్ లేకుండా సాగిన ఆటలో బాటమ్ ఒక్కటి కొట్టాడు. అది చాలింది.

ఇక సెమీఫైనల్. మార్చి 26, శనివారం, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో. బాటమ్‌కి సొంత ఊరు. ఎదురుగా న్యూకాజిల్ యునైటెడ్. ఆ జట్టు 1951లో, 1952లో వరసగా కప్ గెలిచింది. జాకీ మిల్బర్న్, బాబీ మిచెల్, జిమ్మీ స్కౌలర్ లాంటి హేమాహేమీలు అందులో ఉన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు 65,000 మంది. విక్ కీబుల్ ముందు గోల్ కొడితే, సగం ఆట కాకుండానే బాటమ్ సమం చేశాడు. 1-1 అలాగే నిలిచిపోయింది. థర్డ్ డివిజన్ జట్టొకటి సెమీఫైనల్‌ని రీప్లే దాకా, అంటే మళ్లీ ఆడేదాకా, లాగడం అదే మొదటిసారి.

రీప్లే నాలుగు రోజులకే, బుధవారం పగటిపూట. ఎక్కడో తెలుసా? సండర్లాండ్‌లో, రోకర్ పార్క్‌లో. ఎవరి సొంత మైదానమూ కాదు కాబట్టి తటస్థమే అన్నారు. కానీ న్యూకాజిల్ నుంచి అది ఇరవై కిలోమీటర్లు, యార్క్ నుంచి వంద దాటుతుంది. యార్క్ కార్మికుడు పని మానుకుని రైలెక్కాలి. న్యూకాజిల్ మనిషి మధ్యాహ్నం బయల్దేరినా సరిపోతుంది. తటస్థం అనే మాటకి మైదానం ఎవరిదన్నదే కాకుండా, దూరం కూడా లెక్కలోకి రావాలని నా అభిప్రాయం. అలాగని ఓటమిని దూరం మీదికి నెట్టలేను. న్యూకాజిల్ 2-0తో గెలిచింది.

మే నెలలో వెంబ్లీలో మాంచెస్టర్ సిటీ మీద ఆట మొదలైన 45 సెకన్లకే మిల్బర్న్ తలతో గోల్ కొట్టాడు. న్యూకాజిల్ 3-1తో కప్ పట్టుకెళ్లింది. యార్క్ సిటీకి మిగిలింది లీగ్ పట్టికలో నాలుగో స్థానం. ఇందాక చెప్పుకున్నాం కదా, నాలుగో స్థానానికి ఇచ్చేదేమీ లేదు. బార్న్స్‌లీ పైకెళ్లింది, మిగతావాళ్లు ఆగస్టులో మళ్లీ అదే మెట్టు మీద నిలబడ్డారు. లీగ్‌లో ఆ సీజన్‌లో 31 గోల్స్, కప్‌లో ఎనిమిది కొట్టిన బాటమ్‌తో సహా. ఆ మెట్టు మీది జట్టేదీ ఇప్పటివరకూ ఎఫ్.ఎ. కప్ ఫైనల్ ఆడలేదు.

కప్ ఆటల గేటు డబ్బుల్లో లాభం మాత్రం మిగిలింది. దాన్ని ఏం చేశారనేది నాకు ఈ మొత్తం కథలో బాగా నచ్చిన భాగం. బూథమ్ క్రెసెంట్‌లో ఒక పొడవాటి పక్కన పాపులర్ స్టాండ్ ఉండేది. తక్కువ టికెట్‌తో నిలబడి చూసేవాళ్ల చోటు. యుద్ధంలో బాంబులు పడ్డ రోజుల్లో జనం తలదాచుకోడానికి దాన్ని వాడారు. దానికి ఎదురుగా ఉండేది మెయిన్ స్టాండ్. ఆ దేశపు వాన సంగతి మీకు తెలిసిందే, ఆగస్టు నుంచి మే దాకా అది సెలవు తీసుకోదు. ఆ లాభాన్ని పెట్టి 1955 వేసవిలో ఆ మెయిన్ స్టాండ్‌ని పొడిగించారు. బ్లాక్‌పూల్, టాటెన్‌హామ్ మ్యాచ్‌ల కథ చెప్పుకుంటూ తడవకుండా కూర్చోడానికి ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అదే చూరు. ఆ మైదానంలో చివరి ఆట 2020 డిసెంబర్‌లో జరిగింది. జట్టు ఇప్పుడు ఊరి చివర కొత్త స్టేడియంలో ఆడుతోంది.

బాటమ్ సంగతి ఇంకొకటి మిగిలింది. మరుసటి ఏడాది లీగ్‌లో మళ్లీ సరిగ్గా 31 గోల్స్ కొట్టాడు. 1958 ఫిబ్రవరిలో ఓ ఫస్ట్ డివిజన్ జట్టు అడుగున పడి, సెకండ్ డివిజన్‌కి జారిపోతామేమోనన్న టెన్షన్‌లో ఉంది. గోల్స్ కొట్టేవాడు కావాలని వెతుక్కుంటూ యార్క్ తలుపు తట్టింది. బాటమ్ గోల్స్ వాళ్లను గట్టెక్కించాయి. అక్కడ ఆడిన 11 లీగ్ మ్యాచ్‌ల్లో అతను 10 గోల్స్ కొట్టాడు. ఆ జట్టు న్యూకాజిల్ యునైటెడ్.

నమస్కారం.