తొమ్మిదో తరగతిలో ఆగిపోయే పేర్లు

సభకు నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాలు నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు మొదలవుతాయి. అందుకే ఈ వారమంతా చిన్నపిల్లల పుస్తకాల గురించే మాట్లాడుకుంటాం. నేను ఇవాళ వాళ్ళకంటే కొంచెం పెద్దవాళ్ళ గురించి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల గురించి చెప్పాలనుకుంటున్నాను.

ఇరవై రెండేళ్ళుగా శాఖా గ్రంథాలయాల్లో పనిచేస్తున్నాను. ఎవరు ఏ పుస్తకం తీసుకెళ్ళారో రిజిస్టరులో రాసుకుంటాం. పాత రిజిస్టర్లు తిరగేస్తుంటే ఒక సంగతి కళ్ళకు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఐదో తరగతి పిల్ల బొమ్మల కథలు పట్టుకెళ్తుంది. ఏడు, ఎనిమిది తరగతుల్లో వారానికి రెండుసార్లు వస్తుంది. తొమ్మిదో తరగతి సగంలో ఆ పేరు ఆగిపోతుంది. మళ్ళీ ఆరేడేళ్ళకు గానీ కనిపించదు, అప్పుడు పేరు పక్కన ఉండేది గ్రూప్-2 మెటీరియల్. మధ్యలో ఆ పిల్ల చదవలేదని కాదు. పాఠాలు చదివింది, బిట్లు బట్టీ పట్టింది. తన ఈడు మనిషి కథ మాత్రం ఒక్కటీ చదవలేదు.

ఫోన్లు వచ్చి పిల్లలు చదవడం మానేశారని అందరూ అంటారు. ఫోన్ల సంగతి నాకూ తెలుసు. కానీ నాలుగేళ్ళ కిందట ఒకమ్మాయి నా బల్ల ముందు నిలబడి, "మేడమ్, నా వయసు వాళ్ళ కథలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. రెండు బీరువాలు చూపించాను. ఒకదాంట్లో కుందేలు, నక్క, రాజు గారు. రెండోదాంట్లో పెళ్ళిళ్ళు, అత్తగారిళ్ళు, ఆఫీసులు. ఒక్కో పుస్తకం తీసి, వెనక అట్ట చదివి, తీసినచోటే పెట్టేసింది. "పరవాలేదు మేడమ్" అని వెళ్ళిపోయింది. ఆ రోజు ఆమె చేతిలో పెట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ చిన్నబోయిన ముఖం నాకింకా గుర్తే.

తెలుగులో బాల్యం మీద మంచి పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి, చాలా ఉన్నాయి. అయితే అవి ఎక్కువగా పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకుని రాసినవి. చదివి మురిసిపోయేది మనం. ఇవాళ హాస్టల్లో ఉంటూ వీకెండ్ టెస్టుకి టెన్షన్ పడే పిల్లవాడు, నెలసరి గురించి ఎవరినడగాలో తెలియని పిల్ల, కులం పేరుతో స్నేహితుడు దూరమైన కుర్రాడు, వీళ్ళ లోపలి మాట ఇప్పటి భాషలో చెప్పే నవలలు వేళ్ళ మీద లెక్కపెట్టాలి. రచయితలు ఈ సభలో ఉంటే వాళ్ళకు నా మొదటి విన్నపం ఇదే.

అమెరికాలో ఈ వయసుకి పుస్తకాలు, లైబ్రరీ గది వాటంతటవే రాలేదు. బాల్టిమోర్ నగరంలో ఈనాక్ ప్రాట్ గ్రంథాలయంలో మార్గరెట్ ఎడ్వర్డ్స్ అని ఒకావిడ ఉండేవారు. పిల్లలు లైబ్రరీకి రాకపోతే మనమే వెళ్దామని 1940లలో గుర్రపుబండిలో పుస్తకాలు వేసుకుని పేదల వీధుల్లో తిరిగారు. అక్కడి గ్రంథాలయ సంఘంలో టీనేజి పిల్లల సేవలకు 1957లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. 1967లో ఎస్.ఇ. హింటన్ తొలి నవల వచ్చింది. హైస్కూల్లో చదువుకుంటూనే రాసింది, అచ్చయ్యేనాటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు. ఆ వయసు కథను ఆ వయసులోనే రాయడం వల్ల దాని బలమే వేరు.

గుర్రపుబండి మాట విన్నప్పుడు నాకు మన పడవ గుర్తొచ్చింది. పాతూరి నాగభూషణం గారు 1935లో కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారికి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు నిండలేదు. మన గ్రంథాలయోద్యమమే కుర్రవాళ్ళ చేతుల మీదుగా నడిచింది. అదే చోట ఇప్పుడు కుర్రవాళ్ళకు కూర్చోడానికి కుర్చీ లేదు. ఉన్న కుర్చీలన్నీ పోటీ పరీక్షల వాళ్ళవి. పాపం వాళ్ళనీ ఏమీ అనలేం, ఇంట్లో చదువుకోవడానికి చోటు లేకే వస్తున్నారు.

ఇక వారోత్సవాల్లో మనం చేసే కార్యక్రమాలు. వ్యాసరచన, వక్తృత్వం, క్విజ్, ముగ్గులు. ప్రథమ బహుమతి, ద్వితీయ బహుమతి, ఫొటో. వీటిలో పుస్తకం ఎక్కడుంది? గెలిచిన ముగ్గురూ స్టీలు గిన్నెలు పట్టుకెళ్తారు, మిగతా నలభై మంది ఓడిపోయామనుకుంటూ ఇంటికెళ్తారు. నేనూ ఏళ్ళ తరబడి ఇదే చేయించాను. మూడేళ్ళ కిందట మానేశాను.

దాని బదులు ఒక ఆదివారం సాయంత్రం గిరీశాన్ని బోనెక్కించాం. కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించిన నాటకం, పిల్లలకేం ఎక్కుతుందని అందరూ అన్నారు. కానీ అందులో వెంకటేశం ఉన్నాడు కదా! పరీక్ష తప్పి, ఇంటికెళ్ళడానికి భయపడి, తనతో మాట్లాడటమే ఒక ఎడ్యుకేషన్ అని చెప్పుకునే మనిషిని వెంటబెట్టుకు వెళ్ళిన కుర్రాడు. అచ్చం మన పిల్లవాడే. నాలుగు వారాలు వంతులవారీగా గట్టిగా చదువుకున్నారు. అర్థంకాని మాటలకు అమ్మమ్మల్ని, తాతయ్యల్ని అడిగి వచ్చారు. ఐదో వారం కోర్టు. నేరం: వెంకటేశానికి చుట్ట నేర్పి, చదువు చెడగొట్టడం. వార్తాపత్రికల బల్లే బోను. టేబుల్ ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా జడ్జి గారు వాటిపైన పేపర్‌వెయిట్ పెట్టుకుంది, అదే సుత్తి కూడా.

వెంకటేశం వేషం ఇంటర్ మొదటి సంవత్సరం అబ్బాయిది. మాట్లాడటం తక్కువ. డిఫెన్సు లాయరు, "పరీక్ష తప్పిన సంగతి ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అని నిలదీసింది. రాసుకున్న జవాబు, "నాన్న కొడతాడని." ఆ అబ్బాయి కాగితం చూడలేదు. "కొట్టినా ఫర్వాలేదు. మాట్లాడటం మానేస్తాడు. అన్నం పెట్టేటప్పుడు కూడా ఎవరూ మాట్లాడరు" అన్నాడు. గది నిశ్శబ్దమైపోయింది. లాయరమ్మాయి తర్వాతి ప్రశ్న అడగలేదు. వెనక వరసలో ఇద్దరు తల్లులు తలలు వంచుకున్నారు. ఆ మాట వాడిదో వెంకటేశానిదో నేను అడగలేదు, అడగకూడదు కూడా. పుస్తకం వాడికి ఒక చాటు ఇచ్చింది, ఆ చాటున నిలబడి వాడు చెప్పగలిగాడు.

వారోత్సవాలకి డబ్బులెక్కడివని అడుగుతారు. ఈ కోర్టుకి మాకైన ఖర్చు టీ, ఉస్మానియా బిస్కెట్లు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంది. అంటే ఈ గది మీ ఇంటి పిల్లలది కూడా. నేను అడిగేవి ఎక్కువ కాదు. ప్రతి శాఖలో ఈ వయసుకి ఒక బీరువా, దానికి తాళం లేకుండా. ఆదివారం సాయంత్రం రెండు గంటలు వాళ్ళ చేతిలో. కొత్త పుస్తకాలు కొనేటప్పుడు జాబితాలో పది పేర్లు వాళ్ళు రాసినవి. ట్యూషన్ మాస్టార్లకు, అమ్మానాన్నలకు దండం పెట్టి చెబుతున్నాను, ఆ రెండు గంటలూ పిల్లల్ని వదలండి.

కోర్టు అయిపోయాక పిల్లలొక అనుమానం తెచ్చారు. నాటకం ముగిసేచోట గిరీశం ఉన్నాడు, సౌజన్యారావు పంతులు ఉన్నారు, మధురవాణి ఉంది. వెంకటేశం లేడు. ఏమయ్యాడు? ఏమయ్యాడో వాళ్ళే రాస్తున్నారు, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, ఒకే నోటుబుక్కులో. ఒకరి కథలో వాడు విజయనగరం తిరిగొచ్చి మళ్ళీ పరీక్ష రాస్తాడు. ఇంకొకరి కథలో అక్క బుచ్చమ్మకు ఉత్తరం రాస్తాడు. ఆ నోటుబుక్కు గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. వెళ్ళేముందు తిరగేయండి. కొట్టివేతలున్న పేజీలు కూడా చదవండి, వాటిని చింపవద్దని నేనే చెప్పాను.