నాలుగు జ్యూసుల బాకీ

పెద్దలకు, అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం. ఉగాది సభలో పబ్ గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కంగారుపడ్డారు. పిల్లలుంటారండీ అన్నారు. ఏం ఫర్వాలేదు, నేను తాగేది ఆరెంజ్ జ్యూసే.

పబ్ అనగానే మనకి జూబ్లీహిల్స్‌, డీజే మోత. ఇంగ్లండులో మా డెర్బీషైర్ పల్లెలో పబ్ అంటే తలకి తగిలే దూలాలు, పొయ్యి పక్కన పడుకున్న కుక్క, గోడకి డార్ట్స్ బోర్డు. మొదటిసారి వెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాను, ఎవరో ఒకరు వచ్చి ఏం కావాలని అడుగుతారని. ఇరవై నిమిషాలైనా ఎవరూ రారే! రంగు చూసి పట్టించుకోవడం లేదేమోనని లోపల ఉడికిపోతున్నాను. ఒక ముసలాయన లేచి వచ్చి, ఇక్కడ మనమే కౌంటర్ దగ్గరికెళ్ళి అడగాలని చెప్పి, జ్యూస్ తానే కొనిపెట్టాడు. ఆ తర్వాత మూడు గురువారాలూ ఆయనే. ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారని, దాన్ని రౌండ్ అంటారని, నా వంతు ఎగ్గొడుతున్నానని నాకు తెలిస్తేగా! తెలిశాక ఎన్ని కొన్నా, ఆ నాలుగూ బాకీయేనని ఏళ్ళ తరబడి ఆటపట్టించాడు.

మన రచ్చబండలాంటిదే అని ఒక్క ముక్కలో తేల్చేద్దామని రాసుకొచ్చాను. కాదండీ. రచ్చబండకి అద్దె ఉండదు. మా పబ్ నడిపిన దంపతులు ఆ పబ్ సొంతదారైన కంపెనీకి అద్దె కట్టాలి, బీరు బయట చౌకగా దొరికినా ఆ కంపెనీ దగ్గరే కొనాలి. దాన్ని 'టై' అంటారు. మెడకి కట్టుకునేదే అనుకోండి. 1989లో ప్రభుత్వం పెద్ద బ్రూవరీల, అంటే బీరు తయారుచేసే కంపెనీల, పట్టు తగ్గించబోయింది. 2,000కి మించి ఉన్న పబ్‌లలో సగాన్ని ఈ టై నుంచి వదిలేయండి, లేదా అమ్మేయండి అంది. వాళ్ళు అమ్మేశారు. పబ్‌లు కొనడమే వ్యాపారంగా పెట్టుకున్న కంపెనీలు కొనేశాయి. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది.

ఎక్కడున్నాను? ఆ, మా పబ్. దంపతులు తాళాలు అప్పగించేశారు. అమ్మకానికి బోర్డు పెట్టాక గానీ మాకు తెలివి రాలేదు. 2011 నాటి లోకలిజం చట్టం కింద మన పంచాయతీలాంటి పారిష్ కౌన్సిల్ గానీ ఊరివాళ్ళు గానీ దరఖాస్తు పెట్టి, పబ్‌ని ఊరికి అవసరమైన ఆస్తిగా జిల్లా కౌన్సిల్‌లో రాయించుకోవచ్చు. అలా రాయించుకుని ఉంటే, అమ్మకం కబురు తెలిసిన ఆరు వారాల్లో మేమూ కొంటామంటే చాలు, ఆరు నెలల గడువు దొరికేది. మేం దరఖాస్తు పెట్టేసరికి సంతకాలైపోయాయి. ఇప్పుడది ఎవరిదో సెలవుల ఇల్లు.

కంబ్రియాలో హెస్కెట్ న్యూమార్కెట్ అని చిన్న పల్లె. ఓల్డ్ క్రౌన్ అనే పబ్‌ని 2003లోనే ఊరివాళ్ళు సహకార సంఘంగా ఏర్పడి కొనుక్కున్నారు. అప్పటికి ఈ చట్టమే లేదు! మాకు చట్టం ఉండి కూడా...

పల్లెల్లో ఉండేవాళ్ళు ఒకసారి చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు. మీ ఊరి పబ్ ఆ జాబితాలో ఉందా? సోమవారం కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. తాగనివాళ్ళకే చెబుతున్నాను.

మొన్న ముసలాయన్ని ఇంటికి పిలిచాను. మా ఆవిడ పెసరట్లు వేసింది. రెండు తిన్నాడు, అల్లం పచ్చడి మళ్ళీ వేయించుకున్నాడు. నాలుగు గ్లాసుల్లో జ్యూస్ పోసి ముందు పెట్టాను. ఒకటి తాగాడు. గుమ్మంలో బూట్లు తొడుక్కుంటూ, "ఇంట్లో పోస్తే రౌండ్ కాదయ్యా, బాకీ అలాగే ఉంది" అన్నాడు.