ముందు రేకు, తర్వాత బ్రేకు, ఆఖర్న ఇంజన్: ఒక పాత మినీ కథ

అందరికీ నమస్కారం.

బర్మింగ్‌హామ్‌లో ఉంటున్న మనకి లాంగ్‌బ్రిడ్జ్ అంటే షాపింగ్‌కి వెళ్లే చోటు. కానీ లక్షల మినీ కార్లు తయారైన నేల అది. 1956లో సూయజ్ కాలువ గొడవ వల్ల బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్ పెట్టారు. తక్కువ పెట్రోలు తాగే చిన్న కారు త్వరగా కావాలని బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) కంపెనీ అధిపతి లెనార్డ్ లార్డ్, ఇంజనీర్ అలెక్ ఇసిగోనిస్‌ని అడిగారు. 1959 ఆగస్టు 26న ఆ కారు బయటికొచ్చింది. పొడవు పది అడుగులే. అందులో నలుగురు మనుషులు, వాళ్ల సామాను పట్టాలి. అందుకని ఆయన ఇంజన్‌ని అడ్డంగా తిప్పి పెట్టారు. గేర్‌బాక్సుని దాని కిందికి, ఆయిల్ ఉండే సంపులోకే దించారు. చక్రాలని పది అంగుళాలకి తగ్గించారు. ఉక్కు స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ తయారుచేసిన రబ్బరు దిమ్మలు వాడారు.

ఇది మనకి పరాయి కారేమీ కాదు. మన ఊళ్లలో దశాబ్దాల పాటు తిరిగిన అంబాసిడర్‌లోని 1489 సీసీ ఇంజన్ బీఎంసీ వాళ్ల ‘బి’ సిరీస్ అనే ఇంజన్ల వరసలోది. మినీలోది ‘ఎ’ సిరీస్. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. నేను మొదటిసారి మినీ బానెట్ ఎత్తినప్పుడు, చిన్నప్పుడు నాన్నగారి పక్కన నిలబడి చూసిన ఇంజనే గుర్తొచ్చింది.

నా కారు 1978 మోడల్, 998 సీసీ. కొన్న రోజున పెయింట్ అద్దంలా మెరుస్తోంది. ఇంటికొచ్చాక జాకీ వేసి ఎత్తి, తలుపు కింద ఉండే సిల్‌ని స్క్రూడ్రైవర్‌తో నొక్కాను. పిడి దాకా లోపలికి దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం అంటారే, అదే. మినీకి విడిగా ఛాసీ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. ఇంటికి దూలం ఎలాగో ఈ కారుకి సిల్ అలాగ. ఎవరో కుళ్లిన సిల్‌ని తీయకుండా, దాని మీద ఇంకో వెడల్పాటి రేకు కప్పి వెల్డింగ్ చేసి, పైన పుట్టీ పూసేశారు. ఆ రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి, తుప్పు లోపల్లోపలే పాకింది. ఉలి పెట్టి పై రేకు ఊడదీస్తే తడిమట్టి, తుప్పు పెచ్చులు కలిసి చేటెడు రాలాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. సిల్ కోసేముందు తలుపు సందుకి అడ్డంగా ఇనప పైపు వెల్డ్ చేసుకోండి. లేదంటే బాడీ కుంగుతుంది. కొత్త సిల్ ఎంత అందంగా అతికినా తర్వాత తలుపు పడదు. నేను ఒక్కో పక్కే కోశాను. రెండు పక్కలకీ, నేల రేకుకీ కలిపి ఆ చలికాలమంతా పట్టింది. విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు పాత అచ్చుల మీదే రేకులు, ఆఖరికి పూర్తి బాడీ కూడా తయారుచేస్తారు. కొత్త బాడీ కొనేస్తే పని సులువే. కానీ లాంగ్‌బ్రిడ్జ్ కార్మికుల చేతి వెల్డింగ్ మచ్చలున్న పైకప్పుని తీసి పారేయడానికి నాకు మనసొప్పలేదు.

ఇక మార్పుల సంగతి. పాత కారులో ఏదీ మార్చకూడదు, అది అపచారం అనేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మొదటి మినీ 848 సీసీ, 34 హార్స్‌పవర్. రేసు కార్ల మనిషి జాన్ కూపర్ పట్టుబట్టి 1961లో దాన్ని 997 సీసీ, 55 హార్స్‌పవర్ చేయించారు. అదే మినీ కూపర్. 1964లో డ్రైవర్ ప్యాడీ హాప్‌కిర్క్, దానికన్నా జోరైన కూపర్ ఎస్ మోడల్‌తో మాంటే కార్లో ర్యాలీ గెలిచారు. మార్పు ఈ కారు రక్తంలోనే ఉంది. కాకపోతే ఒకటి గమనించండి. ఆ 1961 కూపర్‌కి పవర్‌తో పాటు ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు కూడా ఇచ్చారు. ఇప్పుడు చాలామంది ఇంజన్‌కి ఖర్చుపెట్టి బ్రేకుల దగ్గర ఆగిపోతున్నారు. చూస్తే భయమేస్తుంది.

నా కారుకి నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే వచ్చాయి. 1984 నుంచి వచ్చిన 8.4 అంగుళాల డిస్కులు వేయచ్చు, కానీ వాటికి పన్నెండంగుళాల చక్రాలు కావాలి. ఆ పదంగుళాల చిన్న చక్రాలు పోతే మినీ అందం సగం పోయినట్టే అనిపించింది. అందుకే కూపర్ ఎస్ తరహా 7.5 అంగుళాల డిస్కులు వేశాను. తీసిన డ్రమ్ములకి గ్రీజు పూసి, గుడ్డలో చుట్టి అటక మీద దాచాను. రేపు ఇంకెవరైనా కొనుక్కుని పాతవే కావాలంటే మళ్లీ బిగించుకోవచ్చు.

ఇంజన్‌కి చేసింది తక్కువే. ఈ దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. వాల్వులు ఆనే సీట్లు అరగకుండా కాపాడింది ఆ సీసమే కాబట్టి గట్టి వాల్వ్ సీట్లు వేయించాను. తర్వాత ఎగ్జాస్ట్, ఎయిర్ ఫిల్టర్, ఎస్‌యూ కార్బరేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే సూది. ఈ మూడూ కలిపే మార్చాలి. గాలి ఎక్కువ పోతూ పెట్రోలు అంతే ఉంటే మంట వేడెక్కి వాల్వులు కాలిపోతాయి.

నలభై ఏళ్లు దాటిన కారుకి ఇక్కడ ఏటా కారు రోడ్డు మీద తిరగడానికి తగినదో కాదో చూసే ఎంఓటీ టెస్టు తప్పనిసరి కాదు. పెద్ద మార్పులు చేస్తే మాత్రం ఆ వెసులుబాటు పోతుంది. నేనైతే అక్కర్లేకపోయినా ఏటా చేయిస్తాను. వెనక సీట్లో కూర్చునేది మా పిల్లలు.

ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్ కాబట్టి మూడు వేల మైళ్లకోసారి మారుస్తాను. సంపు కింది బిరడాకి అయస్కాంతం ఉంటుంది. విప్పినప్పుడు దానికి కాటుకలా మెత్తటి పొడి అంటుకుని ఉంటే ఫర్వాలేదు. వేలికి గుచ్చుకునే ముక్క తగిలితే గేర్ పన్ను పోతోందని అర్థం.

కారు బయట పార్కింగ్‌లోనే ఉంది, తాళం వేయలేదు. ఎడమ తలుపు దగ్గర వంగి, సిల్ అడుగున వేలు పెట్టి చూడండి. నీళ్లు పోయే సందులు తగులుతాయి. పైన ఇంకో రేకు కప్పిన కార్లలో అవి కనపడవు.