ఎందుకు తిప్పావ్?

[విజువల్: హాస్టల్ వరండా. కెమెరా ఎడమ నుంచి కుడికి గిర్రున తిరుగుతుంది. కిటికీ ఊచలు తెగి తెగి కనిపిస్తాయి.]

ఆ ఊచలు చూశారా, ఎలా ఎగురుతున్నాయో! తప్పు మీ ఫోన్‌ది కాదు. ఫిల్మ్ కోర్సు మొదటి సెమిస్టర్‌లో నేను తీసిన ప్యాన్ ఇది, అంటే కెమెరాని ఉన్నచోటే పక్కకి తిప్పే షాట్.

మాకిచ్చిన ఎక్సర్‌సైజ్ చిన్నదే. డైలాగులుండవు, నటుడు ఒక్కడే, ఐదు షాట్లు, ప్రతి షాట్‌లో కెమెరా కదలాలి. ఫోన్ కోసం ఎదురుచూసే కుర్రాడి కథ రాసి, రూమ్మేట్‌కి బిర్యానీ ఆశ చూపించి ఒప్పించాం.

ఊచల సంగతికొస్తే, సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు. స్టాండు మీద కెమెరాని విసురుగా తిప్పితే, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య ఊచ చాలా దూరం జరిగిపోతుంది. ఆ ఖాళీని కన్ను పూడ్చుకోలేదు, అందుకే కుదుపు. కెమెరావాళ్ల దగ్గర ఒక మోటు లెక్కుంది: ఫ్రేములో ఈ అంచున కనబడ్డ వస్తువు ఆ అంచు దాటడానికి 7 సెకన్లు పట్టాలి. నాది సెకనున్నర. నడిచే మనిషి వెంట తిప్పితే ఇంత బాధ తెలీదు. చూపు మనిషి మీదే ఉంటుంది, వెనక ఊచలు ఏమైపోతే ఎవరికి కావాలి? కానీ అప్పుడు మావాడు ఫ్రేములోనే లేడు. ఖాళీ వరండాని తిప్పి చూపించా. "ఎందుకు తిప్పావ్?" అన్నారు సార్. "ఫీల్ కోసం సార్" అన్నా. క్లాసంతా ఘొల్లుమంది.

[విజువల్: తెర రెండు భాగాలు. ఎడమవైపు జూమ్, కుడివైపు ట్రాలీ.]

ఈ రెండూ ఒకటే అనుకునేవాణ్ణి. జూమ్‌లో కెమెరా ఉన్నచోటే ఉంటుంది, మారేది లెన్సు ఫోకల్ లెంగ్త్. ఎంఎంలలో చెప్పే ఆ అంకె పెరిగేకొద్దీ దృశ్యం పెద్దదిగా కనిపిస్తుంది. మనిషి ఎంత పెరిగితే వెనక గోడ కూడా అంతే పెరుగుతుంది, ఫొటోని పెద్దది చేసినట్టు. ట్రాలీ అంటే పట్టాల మీద కెమెరాని తోసే బండి, అందులో కెమెరా నిజంగా దగ్గరికెళ్తుంది. కుడివైపు చూడండి: ముందున్న స్తంభం పక్కకి జారిపోతోంది, వెనక గోడ మాత్రం దాదాపు అలాగే ఉంది. అందుకే ట్రాలీ షాట్‌లో మనమే ఆ చోటికి నడిచి వెళ్తున్నట్టుంటుంది.

మాకు ట్రాలీ ఎక్కడిది? దుప్పటి మీద నన్ను కూర్చోబెట్టి లాగారు. జారడం బాగానే జారింది గానీ, టైల్‌కీ టైల్‌కీ మధ్య గీత వచ్చినప్పుడల్లా టక్కుమనేది. పదకొండు టేకులు! షూటింగుల్లో పట్టాల కింద చెక్కముక్కలు పెట్టి లెవెల్ ఎందుకు సరిచూస్తారో ఆ రాత్రి తెలిసింది.

నాలుగో షాట్‌కి ఆశ ఎక్కువైంది. 1958లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'వర్టిగో'లో వాడిన డాలీ జూమ్ మేమూ తీద్దామనుకున్నాం. కెమెరా వెనక్కి, జూమ్ ముందుకి. మనిషి సైజు మారదు, వెనకున్నదంతా మీదికొస్తుంది. లెక్క సులువే: మీటరు దూరంలో ఫోకల్ లెంగ్త్ 25 ఎంఎం పెడితే, రెండు మీటర్లకి 50. చేతికే రాదు. పైగా మాది కెమెరాతో పాటు వచ్చే మామూలు కిట్ లెన్సు, జూమ్ చేసేకొద్దీ వెలుగు లోపలికొచ్చే కన్నం, అదే అపర్చర్, దానంతటదే తగ్గుతుంది. మావాడికి భయం పుట్టాల్సిన చోట కరెంటు డిమ్మైనట్టు ముఖం చీకటైంది.

కెమెరా చేత్తో పట్టుకుని పరిగెత్తిన షాట్ చూపించను, కళ్లు తిరుగుతాయి. ఆ కుదుపు లేకుండా చెయ్యడానికే అమెరికన్ కెమెరామన్ గ్యారెట్ బ్రౌన్ ఒంటికి తగిలించుకునే స్టెడీకామ్ అనే పరికరం కనిపెట్టాడు. 1989లో 'శివ'లో మనవాళ్లూ దాన్ని వాడారు.

[విజువల్: ఐదో షాట్. కుర్రాడి ముఖం. అతని చూపు కిందికి వాలుతుంది. కాసేపాగి కెమెరా కిందికి వంగి (టిల్ట్), చేతిలో వెలిగిన ఫోన్ దగ్గర ఆగుతుంది.]

సార్ రెండోసారి వేయమన్నది ఇదొక్కటే. మావాడు కిందికి చూశాడు. ఏం చూశాడా అని మనకీ అనిపించాక కెమెరా దిగింది. నిజానికి ఆ ఆలస్యం మా ప్లాన్ కాదు, స్టాండు హెడ్ బిగుసుకుపోయి అర సెకను మొరాయించింది.

ఆగాక ఇంకో మూడు సెకన్లు కదలకుండా పట్టుకోమని ముందే చెప్పారు. నేను ఆగీ ఆగగానే రికార్డింగ్ ఆపేశా. ఇప్పుడు ఫోన్ మీద "అమ్మ" అని అలాగే నిలిచి ఉంది కదా, అది ఎడిటింగ్‌లో సాగదీసిన ఒకే ఒక్క ఫ్రేము.