బస్టాండు దగ్గరి మక్క బెండ్లు

పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెబితే నాకిచ్చిన అరగంటలో పావుగంట అక్కడే పోతుంది, ఏమీ అనుకోకండి. పిల్లలూ, వెనక బెంచీల వాళ్లు ముందుకు రండి, మైకు సరిగా లేదు.

1928లో ఫిబ్రవరి 28న సి.వి. రామన్ తన ఆవిష్కరణ ప్రకటించారు కాబట్టి ఇవాళ సైన్స్ డే. నాకిచ్చిన అంశం, పంట వ్యర్థాల మీద పెంచే శిలీంధ్రాల నుంచి రంగులు తీయడం. ఇవాళ నేను శిలీంధ్రం అంటే బూజే అనుకోండి. కాగితంలో ముందు నిర్వచనాలు రాసుకొచ్చాను గానీ, మా నాయిన చేతుల దగ్గర మొదలుపెడతాను.

మాది చేనేతకు పేరున్న పుట్టపాక దిక్కు ఊరు. నాయిన చిటికి పనిలో, అంటే నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచే పనిలో, రంగులేసేవాడు. కాస్టిక్ సోడా, నాప్తాల్ రంగులు, చేతికి గ్లౌజుల్లేవు. రాత్రి అన్నం కలుపుకుంటే వేళ్ల పగుళ్లలో కారం మండేది, అందుకని అమ్మ ముద్దలు చేసి నోట్లో పెట్టేది. అక్కను చూసుకోవడానికి మొగపిల్లాడి వాళ్లు వచ్చిన రోజు నాయిన కూర్చున్నంతసేపూ చేతులు కండువా కింద పెట్టుకునే ఉన్నాడు. చింతకింది మల్లేశం గారు ఆసు పోసీ పోసీ, అంటే మేకుల చుట్టూ నూలు తిప్పీ తిప్పీ, తల్లి భుజాలు పడిపోతుంటే చూడలేక ఆసుయంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ వచ్చింది, మీకందరికీ తెలుసు. భుజాలకు యంత్రం వచ్చింది, రంగు గిన్నెలో ముంచే చేతులకు ఏం వచ్చింది? చెప్పండి.

సరే, బూజు. నేను ఇంటర్ చదివేటప్పుడు వానాకాలంలో మన బస్టాండు దగ్గర ఉడకబెట్టిన మక్క కంకులు అమ్మేవాళ్లు, తిని పారేసిన బెండ్లు గోడ పక్కన కుప్ప పడేవి. రెండు రోజుల్లో ఆ కుప్ప మీద పసుపులో కుంకుమ కలిపినట్టు మెత్తటి నారింజ పొడి. మీరూ చూసే ఉంటారు, చూసి ముక్కు మూసుకుని ఉంటారు. దాని పేరు న్యూరోస్పోరా. 1840ల్లో పారిస్ రొట్టెల బట్టీలను ముప్పుతిప్పలు పెట్టింది ఇదే. 1941లో బీడిల్, టాటమ్ అనే శాస్త్రవేత్తలు జన్యువు ఏం పని చేస్తుందో తేల్చింది కూడా ఈ బూజు మీదే, 1958లో నోబెల్ వచ్చింది. ఇండొనేసియాలోని జావా వాళ్లు నూనె తీసిన పల్లి చెక్క మీద దీన్ని పెంచి ఒంచోమ్ అని వండుకుని తింటారు. పల్లి చెక్క అంటే పాలమూరు పిల్లలకు వేరే చెప్పాలా!

ఇంకోటి వినండి. దీని విత్తనాల్లో కొన్నింటికి వేడి తగిలితే గానీ నిద్ర లేవవు, అరవై డిగ్రీలు కావాలి. అందుకే కాల్చిన చెరకు తోటల్లో తగలబడిన మోళ్ల మీద మొదట కనబడేది ఇదే. సాగర్ ఎడమ కాలువ కింద వరి కోసి గడ్డి తగలబెట్టే వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. అంత గడ్డి కాల్చేసి, మళ్లీ రంగులు డబ్బాల్లో కొనుక్కుంటున్నాం.

ఎర్రరంగుకు మొనాస్కస్ అని వేరే బూజు ఉంది. చైనాలో వందల ఏళ్లుగా బియ్యం మీద పెంచుతున్నారు. నూకలు నానబెట్టి, ఆవిరి మీద శుద్ధి చేసి, చల్లారాక విత్తనం చల్లి ముప్పై డిగ్రీల వేడిలో ఉంచితే మొదట తెల్లగా, తర్వాత నారింజ, రెండు వారాలకు ముదురు ఎరుపు. మిర్యాలగూడ మిల్లుల్లో నూకలకు గిరాకీ ఉంది, బెండ్లకూ గడ్డికీ లేదు, కాబట్టి మనకు కావలసింది ఆ బెండ్లూ గడ్డే. ఒట్టి గడ్డి మీద మొనాస్కస్ బాగా పెరగదు, మెత్తగా చేసి తవుడు కలపాలి. దీని నారింజ రంగు ప్రొటీన్లలోని అమైన్లు అనే భాగాలతో కలిస్తే ఎర్రబడుతుంది, పట్టు ప్రొటీనే కదా, అందుకే నూలుకంటే పట్టు మీద బాగా నిలుస్తుంది. ఎండకు మాత్రం వెలుస్తుంది. ఆ మాట దాచి చీర అమ్మితే మోసమే.

ఈ సంగతంతా రాసుకుని ఒక ఆఫీసుకు వెళ్లాను. పేరు చెప్పను. బయట బల్ల మీద మూడు గంటలు కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, ఫైలు తెరవకుండానే 'బూజుతో బట్టలకు రంగేంటమ్మా, జనం ముట్టుకుంటారా' అన్నారు. నేను నాయిన చేతుల గురించి చెప్పబోతే ఫోన్ ఎత్తారు. ఫైలు ఇంకా నా దగ్గరే ఉంది. నేనడిగింది కోట్లు కాదు, చేనేత ఊళ్లో ఒక షెడ్డు, ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ ఒకటి, ఏడాది జీతానికి ఇద్దరు పిల్లలు. ప్రమాదకరమని మన దేశం 1990ల్లో 112 రంగులను నిషేధించింది. వద్దన్నవాటి జాబితా సరే, బదులు ఏం వాడాలో నేతగాళ్లకు చెప్పేదెవరు?

ఒక్క జాగ్రత్త, పిల్లలూ రాసుకోండి. మొనాస్కస్ రకాల్లో కొన్ని సిట్రినిన్ అనే విషాన్ని కూడా తయారుచేస్తాయి, అది కిడ్నీలకు చేటు. పరీక్ష చేయించకుండా అన్నంలోనో మిఠాయిలోనో ఎవరూ కలపొద్దు. మనం మాట్లాడేది పట్టుదారం గురించి.

టైం అయిందని చీటీ పంపారు. వచ్చే వారం ఇంట్లో కంకులు ఉడకబెడితే బెండ్లు పారేయకండి, కాగితం సంచిలో పెట్టి, నారింజ రంగు కనబడగానే మూతి కట్టేసి తీసుకురండి. ఊదకండి, వాసన చూడకండి, ఆ పొడి ఒక్కసారి లేచిందంటే మన ల్యాబులో పెంచుతున్న బూజు కల్చర్లన్నింటికీ అంటుకుంటుంది. మీ ఇళ్లలో ఎవరైనా రంగులేసేవాళ్లుంటే వాళ్లనూ వెంట తీసుకురండి. గురువారం పది గంటలకు ల్యాబు తలుపు తీసే ఉంటుంది.