గినీ పిగ్స్‌కి రెండంతస్తుల కేజ్: ఫ్రీగా పంపారు, అయినా చెప్పాల్సింది చెప్తా

అందరికీ నమస్కారమండి. ముందే చెప్పేస్తున్నా, ఈ కేజ్ కంపెనీవాళ్ళు ఫ్రీగా పంపారు, డబ్బులేం ఇవ్వలేదు. రంగులు, బరువు అవన్నీ వాళ్ళ పేజీలో చూసేసుంటారు, మళ్ళీ నేను చదవను. ఇవి మా గినీ పిగ్స్, కాజా, పూతరేకు. గోధుమరంగుది కాజా, తెల్లగా ఉన్నది పూతరేకు, ఆత్రేయపురంవాళ్ళు ఏమనుకోవద్దు.

అసలు గొడవంతా అడుగులో ఉందండి. కెమెరా దగ్గరగా పెడతా, చూడండి, మొత్తం తీగల జల్లెడ. పెంటికలు కింద ట్రేలో పడిపోతాయి, క్లీనింగ్ ఈజీ అని రాశారు. ఈజీ ఎవరికండి బాబూ? కుందేలుకైతే అరికాల్లో బొచ్చుంటుంది, వీటిది బోడి పాదం, పూతరేకు కాలు ఇలా తిప్పితే గులాబీరంగులో ఎంత మెత్తగా ఉందో చూడండి, ఈ కాలితో రోజంతా తీగ మీద నిలబడితే ఒరుసుకుని పుండై, చీము పట్టి, ముదిరితే ఎముకదాకా పోతుంది, బంబుల్‌ఫుట్ అంటారు. గోరు ఇరుక్కుని లాక్కుంటే కాలే విరగొచ్చు. ఇదంతా దేనికి, మనం చీపురు పట్టకుండా ఉండడానికి!

ఇంక ఈ మేడ. ఇవేమన్నా పిల్లులా ఎక్కి దూకడానికి? వీటికి కావాల్సింది నేల. బాక్స్ మీద రెండింటికి సరిపోతుందని ఉంది, టేపు పెడితే కింద మూడడుగులు బై అడుగున్నర, అంటే నాలుగున్నర చదరపు అడుగులు. రెండింటికి తక్కువలో తక్కువ ఏడున్నర ఉండాలి, పది దాటితే ఇంకా హాయి. పోనీ ఒక్కదాన్నే పెంచుతాం అనకండి, ఇవి గుంపులో బతికేవి, స్విట్జర్లాండ్‌లో అయితే ఒంటరిగా పెంచడం చట్టానికే విరుద్ధం.

ఒక్కటి మెచ్చుకోవాలి, తలుపు పైన కాకుండా పక్కవైపు పెట్టారు. పైనుంచి చెయ్యి దిగితే గద్ద వచ్చిందనుకుని బెదిరిపోతాయి.

మా పాత చెక్క గూడు దీనికన్నా నయమా అంటే అదీ కాదు, శ్రావణంలో ముసురు పట్టిందంటే చెక్క ఉబ్బి తలుపు రాదు, ఉచ్చ పీల్చుకుని ఒకటే కంపు. మన కోనసీమ తేమకి చెక్క వద్దండి.

ఇప్పుడు అవి ఉంటున్నది వైర్ గ్రిడ్ ప్యానెళ్ళు, అంటే చదరపు తీగ పలకలు, గోడలుగా కట్టిన దాంట్లో. ఒక్కోటి 14 అంగుళాలు, అటు రెండు, ఇటు నాలుగు, పది చదరపు అడుగులు దాటేస్తుంది. అడుగున సన్‌ప్యాక్ షీటు, అదేనండి ఎలక్షన్లప్పుడు స్తంభాలకి కడతారే, ఫ్లెక్స్ షాపులో అడిగితే ఇస్తారు. కత్తితో పై పొర ఒక్కటే గీసి మడిస్తే అంచు గోడలా లేస్తుంది. దాని మీద పాత తువ్వాలు, ఆపైన ఫ్లీస్, అంటే దుప్పటిలాంటి మెత్తటి గుడ్డ, కాకపోతే ముసురులో ఫ్లీస్ ఆరి చావదు, ఇంకో జత పెట్టుకోండి. పైన కప్పు మాత్రం మర్చిపోకండి, పిల్లులూ పాములూ ఉన్న ఊళ్ళు మనవి.

రేకుల షెడ్డులో, డాబా మీద ఏది పెట్టినా దండగే, 27 డిగ్రీలు దాటితేనే వీటికి కష్టం, మన మే నెల సంగతి మీకు తెలుసు. ఎండ తగలని కింద గదే దిక్కు.

ఈ కేజ్‌కైతే తీగల మీద షీటు పరిచేసి, మేడ పీకేసి, ఒకదానికి ఒంట్లో బాలేనప్పుడు పక్కన పెట్టడానికి వాడతా. అంతకుమించి పనికిరాదు. కంపెనీవాళ్ళు లింకు పెట్టమన్నారు, మాటిచ్చా కాబట్టి కింద ఉంది, నొక్కమని మాత్రం నేను చెప్పట్లేదండి.